పాత శ్లాబు: బాగు చేయించాలా, తీసేసి కొత్తది పోయించాలా?

వానలు మొదలయ్యాయంటే నాకు వచ్చే ప్రశ్న ఒకటే. "శ్లాబు కారుతోందండీ. మేస్త్రి మొత్తం తీసేయాలంటున్నాడు. ఇంకొకాయన పైన కెమికల్ పూస్తే చాలంటున్నాడు. ఎవరి మాట వినాలి?"

ఇప్పటికైతే ఇద్దరి మాటా వినకండి. ముందు మీరే చూడండి. ఏం చూడాలో, దాన్నిబట్టి ఎలా తేల్చుకోవాలో, పని ఏ వరుసలో చేయించాలో ఇక్కడ రాస్తున్నాను. విజయవాడ, గుంటూరు ఊళ్లలో 30, 40 ఏళ్ల కిందట పోసిన డాబాలనే దృష్టిలో పెట్టుకున్నాను.

ఒక సంగతి మాత్రం ముందే చెప్పాలి. శ్లాబు కారడం ఒక జబ్బు, పెచ్చులూడటం ఇంకో జబ్బు. మొదటిది నీళ్లది, రెండోది ఇనుముది. కారుతోంది కదా అని శ్లాబు తీసేయనక్కర్లేదు. చుక్క కారకపోయినా తీసేయాల్సిన శ్లాబులూ ఉన్నాయి. తేల్చాల్సింది లోపలి చువ్వలు.

1. రెండుసార్లు చూడాలి

ఒకసారి ముసురు పట్టిన రోజుల్లో, ఇంకోసారి ఎండలు ముదిరాక. వానలో నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో తెలుస్తుంది. ఎండలో పగుళ్లు బాగా కనిపిస్తాయి.

నడి ఎండాకాలంలోనూ చెమ్మ ఆరడం లేదంటే తప్పు పైకప్పుది కాకపోవచ్చు. పైనున్న వాటర్ ట్యాంకు పొర్లుతూ ఉండొచ్చు, పై అంతస్తు బాత్రూం పైపు కారుతూ ఉండొచ్చు, ఏసీ నీళ్ల గొట్టం గోడలోకి దిగుతూ ఉండొచ్చు. ట్యాంకు ఖాళీ చేసి నాలుగు రోజులు ఆగి చూడండి. ప్లంబర్‌తో పోయే పనికి శ్లాబు పగలగొట్టించుకున్న వాళ్లు నాకు తెలుసు.

చూడటానికి ముందు ఇవి దగ్గర పెట్టుకోండి:

- చిన్న సుత్తి, సుద్దముక్క
- మంచి టార్చిలైటు
- గట్టి దారం, స్కేలు
- చువ్వ మందం కొలిచే వెర్నియర్ కాలిపర్ (హార్డ్‌వేర్ షాపులో దొరికేది చాలు)
- గదుల ప్లాను గీసుకోవడానికి కాగితం
- కళ్లద్దాలు, తలకు హెల్మెట్ (బైకుదైనా సరే)

2. కిందినుంచి, గది గదికీ

స్టూలెక్కి సుత్తితో శ్లాబు అడుగున మెల్లగా తట్టుకుంటూ వెళ్లండి. గట్టిగా ఉన్నచోట ఖంగుమంటుంది. లోపల విడిపోయిన చోట డొల్లగా, ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు వినిపిస్తుంది. డొల్ల ఉన్నచోటల్లా సుద్దతో గీత గీసి, కాగితం మీదా గుర్తు పెట్టుకోండి. తట్టేటప్పుడు సరిగ్గా దాని కింద నిలబడొద్దు, పక్కకు జరిగి తట్టండి.

మరకలను ఇలా చదవాలి:

- తెల్లటి సుద్దలాంటి పొర: నీళ్లు కాంక్రీటులోంచి దిగుతూ సున్నాన్ని మోసుకొస్తున్నాయి. లీకేజీకి గుర్తు.
- గోధుమ, ఇటుక రంగు మరక: చువ్వ తుప్పు పడుతోంది. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు.
- నల్లటి బూజు: చాలాసార్లు గాలి ఆడకపోవడం వల్ల వచ్చేదే. శ్లాబుతో సంబంధం ఉండకపోవచ్చు.
- ఒకే వరసలో, సమాన దూరంలో నడిచే పగుళ్లు: కింద చువ్వ ఉబ్బుతోంది.

ఇనుము తుప్పుగా మారితే రెండింతలకు పైగా ఉబ్బుతుంది. ఆ ఒత్తిడికే కాంక్రీటు పెచ్చులుగా ఊడుతుంది. పాత ఇళ్లలో చువ్వల కింద కవర్ బ్లాకులు (చువ్వను అడుగుకు అంటకుండా ఎత్తి ఉంచే చిన్న దిమ్మెలు) పెట్టకుండానే పోసిన శ్లాబులు చాలా ఉన్నాయి. చువ్వకు అడుగున 20 మిల్లీమీటర్ల కాంక్రీటు ఉండాల్సిన చోట గట్టిగా 5 కూడా ఉండదు. అలాంటి శ్లాబు ఇన్నేళ్లు నిలిచిందంటే అదృష్టమే.

తర్వాత వంపు చూడండి. గదికి ఈ గోడనుంచి ఆ గోడకు, రెండు చివరలా శ్లాబుకు ఒకే దూరం కిందగా దారం బిగించి పట్టి, మధ్యలో ఆ దూరం ఎంత తగ్గిందో కొలవండి. 12 అడుగుల గదిలో అర అంగుళం దాటితే ఇంజినీరును పిలవాల్సిందే. ఆ కాలంలో సెంట్రింగే (కాంక్రీటు పోయడానికి కింద కొట్టే చెక్కలు) వంకరగా కొట్టి ఉండొచ్చు కూడా, కాబట్టి కొలత చూసి బెంబేలెత్తనక్కర్లేదు. ఆరు నెలల తర్వాత మళ్లీ కొలవండి. పెరిగిందా లేదా అన్నదే అసలు విషయం.

సన్‌షేడ్లు, బాల్కనీలు మాత్రం వేరే లెక్క. గది శ్లాబులో బరువు మోసే చువ్వలు అడుగున ఉంటాయి. గోడలోంచి బయటికి పొడుచుకొచ్చిన వాటిలో అవి పైభాగంలో ఉంటాయి. అంటే కింద నున్నగా కనిపించే సన్‌షేడు కూడా గోడ దగ్గర పైన పగిలి ఉంటే ప్రమాదమే. పైకెక్కి చూడకుండా దాని సంగతి చెప్పలేం. పూలకుండీలు, పాత సామాన్లు దాని మీద ఉంటే ఈ పూటే దించేయండి.

3. పైనుంచి

నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయో చూడండి. వాన వెలిసిన గంటకు డాబా ఎక్కి, నిలిచిన మడుగుల చుట్టూ సుద్దతో గీయండి. డాబాకు నూరింట ఒక వంతు వాలు ఉండాలి. అంటే 10 అడుగులకు ఒకటింపావు అంగుళం.

లీకులు ఎక్కువగా దొరికేది నడిమధ్యన కాదు, అంచుల్లో:

- పిట్టగోడ, శ్లాబు కలిసే మూల
- వాన నీటి గొట్టం నోరు (ఆకులు, మట్టి అడ్డం పడి ఉంటాయి)
- శ్లాబును తొలుచుకుని వెళ్లిన పైపులు, డిష్ స్టాండు బోల్టులు
- ట్యాంకు దిమ్మెల అడుగు
- రావి మొక్క మొలిచిన ప్రతి చోటా

రావి మొక్కను పైన కోసేస్తే లాభం లేదు. వేరు లోపల బతికే ఉంటుంది. ఆ మేరకు తవ్వి, వేరు తీసి పూడ్చాలి.

మడి కట్టినట్టు నీళ్లు నిలబెట్టి ఒక రోజంతా చూసే పరీక్ష చాలామంది చేయిస్తారు. శ్లాబు గట్టిదైతే మంచిదే. అనుమానం ఉన్న శ్లాబు మీద మాత్రం వద్దు. 100 గజాల డాబా మీద 2 అంగుళాల నీళ్లు నిలిపితే నాలుగు టన్నులు దాటుతుంది. దానికన్నా పైపుతో ఒక్కోచోట అరగంట తడిపి, కింద ఒకరిని నిలబెట్టి చూడండి. ఆలస్యమవుతుంది గానీ ఏ మూలనుంచి దిగుతోందో కచ్చితంగా తెలుస్తుంది.

4. ఒకచోట తెరిచి చూడాలి

అసలు నిర్ణయం తేలేది ఇక్కడే. అందరూ దాటేసేదీ దీన్నే.

డొల్లగా ఉన్న మూడు నాలుగు చోట్ల పెచ్చు తీయించండి. బాగున్నట్టు కనిపించే ఒక చోట కూడా తీయించండి. చువ్వను వైర్ బ్రష్‌తో మెరిసేదాకా రుద్ది, కాలిపర్‌తో కొలవండి. తుప్పుతో కలిపి కొలిస్తే అది లావుగానే కనిపిస్తుంది, మోసపోతారు.

8 మిల్లీమీటర్ల చువ్వ 6కు తగ్గిందనుకోండి. "రెండే కదా పోయింది" అనిపిస్తుంది. బలం చువ్వ అడ్డుకోత వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. 8కి 64, 6కి 36. అంటే ఇనుము 44 శాతం పోయింది, ఇంచుమించు సగం.

తెరిచినచోట ఇంకో చిన్న పరీక్ష ఉంది. ఫినాఫ్తలీన్ ద్రావణాన్ని అప్పుడే పగిలిన కాంక్రీటు మీద చల్లితే, ఆరోగ్యంగా ఉన్నచోట గులాబీ రంగు వస్తుంది. రంగు రాకపోతే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ అక్కడిదాకా చేరి, ఇనుమును కాపాడే క్షార గుణాన్ని తినేసిందని అర్థం. రంగులేని భాగం చువ్వను దాటి లోపలికి వెళ్లిపోయి ఉంటే, ఇవాళ ఊడని పెచ్చు రేపు ఊడుతుంది. దుమ్ము పడ్డ పాత ముక్క మీద చేస్తే ఫలితం తప్పుతుంది.

ఇక్కడిదాకా వచ్చాక స్ట్రక్చరల్ ఇంజినీరు ఫీజుకు వెనకాడొద్దు. కాంక్రీటు గట్టిదనాన్ని చూసే రీబౌండ్ హ్యామర్, అల్ట్రాసోనిక్ పరీక్షలు, అవసరమైతే కోర్ (పరీక్షకు తొలిచి తీసే కాంక్రీటు ముక్క) తీయించడం ఆయన చూసుకుంటారు. కెమికల్ అమ్మే కంపెనీ వాళ్లు చేసే 'ఉచిత తనిఖీ' దీనికి సమానం కాదు. వాళ్లు ఏం కొనాలో చెబుతారు, అంతే.

5. నెత్తిన ఎంత బరువుందో లెక్కేయండి

ఇది మా ఇంట్లో తగిలిన దెబ్బ. గుంటూరు బ్రాడీపేటలో మా నాన్నగారి ఇల్లు కారిన ప్రతిసారీ ఉన్నదాని మీదే ఇంకో పొర వేయించాం. ముందు సిమెంటు గచ్చు, తర్వాత ఇంకో గచ్చు, చివరికి 'చల్లగా ఉంటుంది' అని తెల్ల టైల్స్. మూడోసారి తెరిపిస్తే అసలు శ్లాబు మీద నాలుగు అంగుళాల చెత్త పేరుకుని ఉంది. అమ్మ ఒక్కమాటంది: "ముసలాయనకి మూట మీద మూట ఎత్తారు కదరా!"

లెక్క చూడండి. 5 అంగుళాల శ్లాబు సొంత బరువే చదరపు మీటరుకు 300 కిలోలకు పైన. జనం తిరిగే డాబాకు దాని మీద లెక్కలోకి తీసుకునేది ఇంకో 150 కిలోలు. 2 అంగుళాల అదనపు గచ్చు వేస్తే చదరపు మీటరుకు సుమారు 100 కిలోలు అక్కడే పోతాయి. 100 గజాల మీద అది ఎనిమిది టన్నులు. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే ఒక టన్ను, అదీ గజం చోటులో.

అందుకే పాత పొరలు తీయకుండా కొత్త పొర వేస్తానన్న మేస్త్రికి అక్కడే దండం పెట్టేయండి.

6. ఇప్పుడు తేల్చుకోండి

*పైన వాటర్‌ప్రూఫింగ్ ఒక్కటే చాలు:*

- డొల్ల శబ్దం ఎక్కడా లేదు, లేదా పై ప్లాస్టరింగ్ మట్టుకే ఉంది
- తెల్ల సుద్ద ఉంది, తుప్పు మరక లేదు
- తెరిచినచోట చువ్వ శుభ్రంగా ఉంది

*శ్లాబుకు వైద్యం, ఆపైన వాటర్‌ప్రూఫింగ్:*

- పెచ్చులు బాత్రూం, వంటగది, ట్యాంకు కింద లాంటి కొన్ని చోట్లే ఊడాయి
- చువ్వలు తుప్పు పట్టాయి గానీ మందం పెద్దగా తగ్గలేదు
- వంపు లేదు, ఉన్నా పెరగడం లేదు

*తీసేయడమే మేలు:*

- ఒక గదిలో మూడో వంతు దాటి డొల్ల ఉంది (ఇది నా కొలమానం, కట్టడాల నిబంధనల్లోది కాదు)
- చాలాచోట్ల చువ్వలో పావు వంతు కన్నా ఎక్కువ ఇనుమును తుప్పు తినేసింది, లేదా చువ్వ చేత్తో విరిగేలా ఉంది
- బాగున్నట్టు కనిపించిన చోట తెరిచినా అదే పరిస్థితి
- గట్టిగా రిపేరు చేయించిన చోటే రెండోసారీ పెచ్చులూడాయి
- కాంక్రీటును మేకుతో గీస్తే ఇసుకలా రాలుతోంది

ఒక గది పోయిందని ఇల్లంతా తీయాలని లేదు. బాత్రూం మీది శ్లాబు మట్టుకు తీసి, మిగతాది ఉంచిన ఇళ్లున్నాయి. ఎక్కడిదాకా కోయాలో ఇంజినీరు గీత గీసి ఇవ్వాలి.

శ్లాబు వంగి కనిపిస్తున్నా, తలుపు హఠాత్తుగా పట్టేస్తున్నా, పెద్ద పెచ్చులు రోజూ రాలుతున్నా ఈ లెక్కలన్నీ పక్కన పెట్టి ఆ గది ఖాళీ చేయండి. కింద జాకీలు (శ్లాబుకు ఆసరాగా నిలిపే ఇనప స్తంభాలు) నిలబెట్టించాకే మిగతా ఆలోచన.

7. కొత్త శ్లాబు అనుకునే ముందు గోడలను చూడండి

కొత్త శ్లాబును మోసేది పాత గోడలే. గిలాబా ఒకచోట చెక్కి లోపల చూడండి. ఇటుకల మధ్య మట్టి అడుసు ఉంటే దాని మీద కొత్త శ్లాబు పోయడం డబ్బు దండగ. అప్పుడది శ్లాబు మార్చడం కాదు, ఇల్లు కట్టడం. ఆ లెక్కే వేసుకోండి.

గుంటూరు చుట్టుపక్కల నల్లరేగడి నేల ఉన్నచోట కిటికీ మూలలనుంచి ఏటవాలుగా పగుళ్లు వస్తాయి. నేల వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోవడం వల్ల పునాది కదులుతోందన్నమాట. కొత్త శ్లాబు వేసినా ఆ పగులు మళ్లీ వస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు రోజుల తరబడి నీళ్లలో నానిన సింగ్‌నగర్ వైపు ఇళ్లలోనూ ముందు పునాది, గోడల అడుగు చూపించుకోవాలి.

శ్లాబు తీసి పోసే పనికి అనుమతి అవసరమా అన్నది మీ వార్డు ప్లానింగ్ కార్యదర్శిని ముందే అడగండి. అపార్ట్‌మెంట్ పై అంతస్తులో ఉంటే డాబా ఉమ్మడి ఆస్తి. అసోసియేషన్ తీర్మానం రాయించుకోకుండా సుత్తి వేయొద్దు.

ఖర్చు పోల్చేటప్పుడు వీటినీ కలపండి: రెండు మూడు నెలల అద్దె, శిథిలాల రవాణా, కొత్త వైరింగు, గోడల గిలాబా, రంగులు. శ్లాబుకు ఇచ్చిన కొటేషన్‌లో ఇవేవీ ఉండవు.

8. రిపేరు అయితే పని వరుస

సంక్రాంతి వెళ్లాక మొదలుపెట్టి, మృగశిర కార్తె లోపు ముగించాలి. ఆ నెలల్లో పైనుంచి నీళ్ల బెడద ఉండదు కాబట్టి ముందు కింద పని, చివర పైన పూత.

1) పని జరిగే గదిలో జాకీలు లేదా సరుగుడు బాదులు నిలబెట్టాలి. చెక్కకముందే.

2) పైన పాత పొరలు తీసి బరువు తగ్గించాలి. పెద్ద సమ్మెటలు వద్దు, చిన్న ఉలి, సుత్తి చాలు.

3) కింద డొల్ల కాంక్రీటు మొత్తం చెక్కాలి. చువ్వ సగం కనిపిస్తే సరిపోదు, దాని వెనక వేలు దూరేంత ఖాళీ రావాలి. తుప్పు వెనక కూడా ఉంటుంది.

4) వైర్ బ్రష్ లేదా గ్రైండర్‌తో చువ్వ మెరిసేదాకా రుద్దాలి. ఇనుము ఎక్కువ పోయినచోట ఇంజినీరు చెప్పిన పొడవుతో పక్కన కొత్త చువ్వ కలపాలి.

5) చువ్వకు తుప్పు నిరోధక పూత వేయాలి. పాత కాంక్రీటుకు బాండింగ్ కోటు (కొత్త మాలు అంటుకునేలా చేసే పూత) వేసి, అది ఆరిపోకముందే పాలిమర్ మోర్టార్ పొరలు పొరలుగా ఎక్కించాలి. లోతు ఎక్కువుంటే ఫారం కొట్టి మైక్రో కాంక్రీటు పోయాలి.

6) ప్యాకెట్ మీద రాసినన్ని రోజులు క్యూరింగ్ (తడి ఆరకుండా చూడటం).

7) అప్పుడు పైకి. వాలు సరిచేసి, పిట్టగోడ మూలల్లో గుండ్రటి సిమెంటు పట్టీ కట్టి, పగుళ్లు పూడ్చి, దుమ్ము లేకుండా కడిగి ఆరబెట్టాలి. పూత కనీసం రెండు కోట్లు, మూలల్లో మధ్యన ఫైబర్ మెష్.

పూత ఉదయం పూటే వేయాలి. మే నెల మిట్టమధ్యాహ్నం కాలే శ్లాబు మీద వేస్తే పైపైన ఎండి, కింద అంటుకోకుండా అట్టలా లేస్తుంది. నీళ్లు కలిపి పలచన చేసేవాళ్ల మీద కన్నేసి ఉంచండి. ఎన్ని డబ్బాలు తెచ్చారు, ఎన్ని ఖాళీ అయ్యాయి, లెక్క మీదే.

తరచూ జరిగే తప్పు ఒకటుంది. తుప్పు చువ్వ మీదే సిమెంటు మాలు కొట్టి, పుట్టీ రుద్ది, రంగేసి వెళ్లిపోతారు. రెండు వానాకాలాలు తిరగకుండా అదే పెచ్చు, ఈసారి ఇంకా లావుగా ఊడుతుంది. అలా చేసి ఉంటే పైన ఏం వేసినా లాభం లేదు, మళ్లీ 3వ అంకెనుంచి మొదలుపెట్టాల్సిందే.

9. కొత్తది పోసేటట్టయితే

పగలగొట్టే ముందు శ్లాబు మొత్తానికి కింద ఆసరా ఉండాలి. శిథిలాలను కింది అంతస్తు శ్లాబు మీద కుప్ప పోయొద్దు, ఎప్పటికప్పుడు దించేయాలి. పక్కింటితో ఉమ్మడి గోడ ఉంటే ముందే వాళ్లకు చెప్పి, గోడ ఫొటోలు తీసి పెట్టుకోండి. తర్వాత "మా గోడ మీవల్లే పగిలింది" అన్న గొడవ రాదు.

పోసే రోజుకు ముందు చూసుకోవాల్సినవి:

- ప్రతి చువ్వ కింద 20 మిల్లీమీటర్ల కవర్ బ్లాకు ఉందా (కంకర రాయి పెట్టి సరిపెట్టొద్దు)
- కాంక్రీటు బలం ఎం20 గ్రేడుకు తగ్గకుండా ఉందా
- నది ఇసుకేనా (సముద్రం ఒడ్డు ఉప్పు ఇసుక వద్దే వద్దు)
- బోరు నీళ్లు పరీక్ష చేయించారా (లీటరులో క్లోరైడు 500 మిల్లీగ్రాములు దాటకూడదు)
- ఫ్యాన్ హుక్కులు, కరెంటు పైపులు పెట్టారా
- వాన నీటి గొట్టాల స్థానం, వాలు గుర్తు పెట్టారా
- వైబ్రేటర్ పనిచేస్తోందా

రోహిణి కార్తె ఎండలో పోయాల్సి వస్తే తెల్లవారుజామునే మొదలుపెట్టండి. గట్టిపడగానే తడి గోనెలు కప్పి, తర్వాత మడులు కట్టి నీళ్లు నిలపండి. ఇప్పుడు దొరికేది ఎక్కువగా మెల్లగా బలం పుంజుకునే పీపీసీ (బూడిద కలిపిన) సిమెంటు కాబట్టి కనీసం 10 రోజులు, వీలైతే 14 రోజులు. జాకీలు కూడా 14 రోజులకు ముందు తీయనివ్వొద్దు. "వారానికే తీసేస్తాం సార్, ఏం కాదు" అంటారు. సెంట్రింగ్ సామాను ఇంకో చోటికి కావాలి, అందుకే ఆ తొందర.

10. రేకులు, పెంకులు

పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. పగిలినా, తొలిచినా, కోసినా వచ్చే దుమ్ము ఊపిరితిత్తులకు హాని, క్యాన్సర్ కూడా రావచ్చు. కాబట్టి వీటికి అతుకులు వేయించడం కన్నా మార్చడమే నా సలహా. తడిపి, మాస్కు పెట్టుకుని, బోల్టులు విప్పి రేకును ముక్కలు కాకుండా దించాలి. పొడిగా ఊడవొద్దు. కొత్త రంగు రేకులు వేసేటప్పుడు తుపాను గాలిని గుర్తుపెట్టుకుని అంచుల్లో హుక్ బోల్టులు దగ్గర దగ్గరగా వేయించండి.

పెంకుల ఇంటిని ఉంచాలా వద్దా అన్నది పెంకులతో తేలదు, వాసాలతో తేలుతుంది. పెంకులు మార్చుకోవచ్చు. వాసం గోడలోకి దిగే చోట స్క్రూడ్రైవర్‌తో పొడవండి. మెత్తగా దిగిపోతే చెదలు తినేసినట్టే.

11. మేస్త్రితో ఒప్పందం

నోటి మాట వద్దు. చదరపు అడుగుకు ఎంత, ఎన్ని కోట్లు, ఏ మెటీరియల్, శిథిలాలు ఎవరు ఎత్తాలి, ఇవన్నీ తెల్ల కాగితం మీదైనా రాసుకుని ఇద్దరూ సంతకం పెట్టండి. పదేళ్ల గ్యారంటీ అని అచ్చు కాగితం ఇచ్చిన ఒక సంస్థ మా ఇంటికి మూడో ఏడాది ఫోనే ఎత్తలేదు. గ్యారంటీ కన్నా చేతిలో ఉంచుకున్న డబ్బే పనిచేస్తుంది.

మూడు విడతలుగా ఇవ్వండి. చెక్కడం పూర్తయి, శుభ్రం చేసిన చువ్వలను మీరు కళ్లారా చూశాక ఒకటి. ఇది ఖాయంగా పెట్టుకోండి, ఒకసారి మాలు కప్పేశాక లోపలేముందో ఎవరికీ తెలియదు. పైన పూత అయ్యాక ఇంకొకటి. చివరిది మొదటి పెద్ద వాన వెలిశాక, మేస్త్రిని కూడా గదిలోకి పిలిచి, ఇద్దరూ శ్లాబు అడుగున చెయ్యి పెట్టి చూశాక.